మా ఆయనకు బదులు బర్రె

మొన్న శ్రావణ శుక్రవారం, పొద్దున పది గంటల నలభై నిమిషాలకు మా ఆయనను దుబాయి పంపిన. పది యాభైకి మళ్ల ఇంటికి తెచ్చిన. పదకొండు దాటి పది నిమిషాలకు ఆయనకు బదులు ఒక బర్రెను చంపిన. ఇవన్నీ ఒక నర్సింగ్ కాలేజీలో, పరీక్ష గదిలో, మంచం మీద పడుకొని చేసిన పనులు. ఏం జరిగిందో చెప్తా వినుండ్రి. మా కోడలు ఎదురైతే మాత్రం ఆ బర్రె మాట ఎత్తకుండ్రి.

మా కోడలు మాధవి ఇక్కడ ఇబ్రహీంపట్నం దగ్గర ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్తది. నా చిన్నప్పుడు ఆ జాగలో మా మేనమామ జొన్నచేను ఉండె. ఇప్పుడు కాలేజీ, దాని చుట్టూ వెంచర్ల జెండాలు. ఆ కాలేజీలో ప్రాక్టికల్ పరీక్ష ఎట్లుండెనంటే, ఒకే పిల్లను చూసి ఒక మేడం బ్రహ్మాండం అనేది, ఇంకో మేడం ఏం చేతకాదనేది. మాధవికి ఒళ్లు మండేది.

"అత్తమ్మా, జ్వరం కొలవనీకి థర్మామీటర్ ఉన్నది. బీపీ కొలవనీకి మిషన్ ఉన్నది. నర్సుకు పని ఎంతొచ్చో కొలవనీకి ఏమున్నది? మేడం మూడ్ ఉన్నది!"

మూడు నెలలు కూర్చొని ఒక కాగితం తయారు చేసింది. పది అంశాలు. పిల్ల గదిలోకొచ్చి పేషెంటుతో ఎనిమిది నిమిషాలు మాట్లాడాలె. చేతులు కడుక్కున్నదా, తన పేరు చెప్పిందా, ఏ మందులు వాడుతున్నరో అడిగిందా, ఇట్ల ఒక్కొక్కటికి టిక్కు. చివరికి లెవెల్. పక్కన ఒకరు నిలబడి చెప్తేనే చేసేది మొదటి లెవెల్. నడుమ నడుమ అడుక్కుంటూ చేసేది రెండు. ఒక్కతే చేసుకొచ్చేది మూడు. ఇంకొకరికి నేర్పగలిగేది నాలుగు. మూడొస్తేనే దవాఖాన వార్డులకు పంపుతరు. ఇద్దరు పరీక్షకులు చెరో మూల కూర్చొని, ఒకరి కాగితం ఒకరు చూడకుండ వెయ్యాలె. రెండు కాగితాలు కలిస్తేనే కొలత సరిగ్గా ఉన్నట్టు. పరీక్ష నడుస్తున్నంతసేపు వాళ్లిద్దరూ నోరు విప్పొద్దు. ఈ ఆఖరి నియమం కూడా మాధవిదే. పాపం, తన నోరు తనే కట్టేసుకున్నది.

ప్రిన్సిపాల్ మేడంకు ఇదంతా నచ్చలే. "పట్నం నుంచి బయటి మేడంను పిలుస్త. ఆమె సరే అంటే కొత్త పద్ధతి. లేకుంటే పాతదే, మళ్ల నా దగ్గర ఈ ముచ్చట ఎత్తొద్దు" అన్నదట. అట్ల మూడు నెలల కష్టం ఆ ఒక్క శుక్రవారం మీద నిలబడ్డది.

పేషెంటు వేషంల పండుకోవాల్సిన ఆమె, కూతురికి నొప్పులొస్తున్నయని బుధవారం మహేశ్వరం పోయింది. మాధవి నా దిక్కు చూసింది.

"నాకు నాటకాలు రావు బిడ్డా."

"నాటకం కాదత్తమ్మా. నువ్వు బియ్యం కొలిచే సోల అసొంటిదానివి. పన్నెండు మంది పిల్లలొస్తరు. పన్నెండు మందికీ అదే మాట, అదే తీరు. ఒకరికి నిండుగ, ఒకరికి వెలితిగ పొయ్యొద్దు. అంతే."

సోల అనంగనే నాకు సమజైంది. మా అమ్మ ఇత్తడి సోల ఇంకా నా పూజగదిలోనే ఉన్నది. సరే అన్న. మాధవి కాగితం చదివి వినిపించింది. నా పేరు లక్ష్మమ్మ. మూడు రోజుల నుంచి కండ్లు తిరుగుతున్నయి. బీపీ గోలీలు పది రోజుల కింద బంద్ అయినయి. ఎందుకంటే, గోలీలు తెచ్చిచ్చే భర్త రెండు నెలల కింద గుండెపోటుతో చనిపోయిండు.

ఆ మాట కాడనే చిక్కొచ్చింది.

మా ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టిన్రు, ఎవరు ఏ తిథినాడు పోయిన్రు, ఏ ఆడపిల్లను ఏ ఊరికిచ్చిన్రు, అన్నీ నా నల్లట్ట నోటుబుక్కులో ఉంటయి. మా అత్తగారు రాసింది, ఆమె తర్వాత నేను రాస్తున్న. ఆ బుక్కులో లేని చావు నా నోట్ల నుంచి ఎట్లొస్తది? అదీ ఎవరి చావు! నుదుట బొట్టు, కాళ్లకు మట్టెలు, మెడల పుస్తెలు పెట్టుకొని, శ్రావణ శుక్రవారం పూట!

అప్పుడే చెప్పాల్సింది. "ఆ మాట ఉన్నది గదా, అక్కడ చెప్తలే" అని కాగితం తిప్పేసిన. పొయ్యి మీద పాలు పొంగినయని మాధవి లేచి ఉరికింది. గట్టిగా కాదనే నోరు నాకు మొదటి నుంచీ లేదు. ఆ రెండు రోజులు ఎన్నిసార్లు చదివించినా నేను ఆ మాట కాడికి రాంగనే దగ్గేది, మాధవి నీళ్లు తెచ్చేది.

శుక్రవారం తెల్లారకముందే లేచి పూజ చేసుకొని, చేతికి తోరం కట్టుకొని స్కూటీ ఎక్కిన. గదిలో ఒక మూల మాధవి, ఇంకో మూల బయటి మేడం. తెల్ల చీర, ముక్కు మీదికి జారిన అద్దాలు, నవ్వు లేదు. గంట కొట్టిన్రు.

మొదటి పిల్ల పొడుగ్గా, చలాకీగా ఉన్నది. చేతులు కడుక్కున్నది, పేరు చెప్పింది, కండ్లు తిరిగేది అడిగింది, గోలీలు అడిగింది. నాకే ముచ్చటేసింది. తర్వాత ఆ ప్రశ్న రానే వచ్చింది.

"ఇంట్ల ఎవరెవరుంటరమ్మా?"

"నేనొక్కదాన్నే."

"మరి మీ ఆయన?"

నా చెయ్యి పుస్తెల మీదికి పోయింది. "దుబాయిల ఉన్నడు" అన్న.

మూలలో మాధవి పెన్ను కింద పడ్డది.

"అట్లనా! ఫోన్ చేస్తడా అమ్మా?"

"రోజూ చేస్తడు బిడ్డా. మంచిగున్నడు. మస్తు మంచిగున్నడు."

ఆ పిల్ల సంతోషపడి గంట కొట్టంగనే వెళ్లిపోయింది. ఇంకో పిల్ల వచ్చేలోపల ఒక్క నిమిషం ఉంటది. మాధవి నా దుప్పటి సర్దుతున్నట్టు వంగి, "దుబాయి ఏందత్తమ్మా? దుబాయి ఎక్కడుంది కాగితంల?" అని పండ్లు కొరికింది.

దుబాయి అబద్ధమాడినందుకు నాకూ సిగ్గయింది. అందుకే రెండో పిల్లకు నిజమే చెప్పిన.

"మా ఆయన ఇంట్లనే ఉన్నడు. గోలీలు ఆయనే తెస్తడు."

"మరి పది రోజుల నుంచి ఎందుకు తేలేదమ్మా?"

దీనికి కాగితంల జవాబు లేదు. "మర్చిపోయిండు" అన్న.

"పది రోజులా? భార్యకు బీపీ ఉంటే పది రోజులు మర్చిపోతడా?" ఆ పిల్లకు కోపమొచ్చింది. "ఆయనను రేపు తీసుకొని రా అమ్మా, నేను మాట్లాడుత!"

ఏ పాపమెరుగని మా ఆయన అప్పుడు ఇంట్లో నా కోసమే పూల మొక్కలకు నీళ్లు పోస్తుండొచ్చు. మాధవి ఈసారి వంగలేదు. దూరం నుంచే రెండు చేతులు జోడించింది.

మూడో పిల్ల లోపలికి రాంగనే వణుకుతున్నది. చేతులు కడుక్కోవడం మర్చిపోయింది, పేరు మర్చిపోయింది. చూస్తూ పండుకోలేక నేనే అడిగిన.

"ఏ ఊరు బిడ్డా?"

"కోహెడ అమ్మా."

"కోహెడల ఎవరింటి పిల్లవు?"

చెప్పింది. చూస్తే వాళ్ల నానమ్మ, మా పెద్దాడపడుచు ఒకే వాడకట్టోళ్లు! ఆ నానమ్మ ఏ సంవత్సరం పెండ్లయి వచ్చిందో కూడా చెప్పిన. నానమ్మ పేరు వినంగనే పిల్ల భోరున ఏడ్చింది. మొన్న చైత్రంలో పోయిందట. నేను లేచి కూర్చొని, చెయ్యి పట్టుకొని, జరసేపు ఏం మాట్లాడకుండ ఊకున్న. తర్వాత "నిన్ను నర్సుగ చూసుకుంటనని ఆశపడి ఉంటది బిడ్డా, నువ్వు ధైర్యంగుండాలె" అన్న. కండ్లు తుడిచి, "ఇగ నా బీపీ సంగతి అడుగు" అని గుర్తు చేసిన. గంట కొట్టిన్రు.

బయటి మేడం మొదటిసారి నోరు తెరిచింది. "మాధవీ, తొమ్మిదో అంశం ఏంది?"

"పేషెంటు బాధ విని, ఒక్క క్షణం ఆగి, ఓదార్పు మాట చెప్పాలె మేడం."

"చెప్పిందిలే. పేషెంటే చెప్పింది."

అప్పుడు నాకు తెలివొచ్చింది. నా భర్త పోయిండని నేను చెప్తేనే పిల్లలు ఓదార్చాలె. ఆ ఓదార్పునే వీళ్లు కొలవాలె. నేను చెప్పకుంటే కొలవనీకి ఏం లేదు. మాధవి మొఖం చూస్తే సున్నమేసిన గోడ లెక్క తెల్లగైంది. ఇగ ఎట్లన్న చావు చెప్పాల్సిందే అని గట్టిగా అనుకున్న. నాలుగో పిల్ల వచ్చింది. ఇంట్ల ఎవరున్నరు అన్నది. కండ్లు మూసుకొని, అమ్మవారిని తలుచుకొని నోరు తెరిచిన.

"మా బర్రె చచ్చిపోయింది బిడ్డా. రెండు నెలలాయె. గుండెపోటు."



ఆ పిల్లది మంచాల ఊరి దిక్కు పల్లె. బర్రె పోవుడంటే ఏందో తెలిసిన పిల్ల. నిజంగనే నా చెయ్యి పట్టుకున్నది. "అయ్యో అమ్మా! పాలిచ్చేదా? మాది కూడ పోయినేడు పోయింది. మా అమ్మ మూడు రోజులు తినలే. పేరేం పెట్టినవమ్మా?"

"గౌరి" అన్న.

అని నాలుక కరుచుకున్న. భర్తను కాపాడుకుందామని పోయి, శ్రావణ శుక్రవారం నాడు అమ్మవారి పేరు పెట్టి మరీ బర్రెను చంపిన! మాకసలు బర్రెనే లేదు.

బయటి మేడం పెన్ను పక్కన పెట్టి, పరీక్ష ఆపేసింది. రెండు కాగితాలు పక్కపక్కన పరిచిన్రు. దుబాయి పిల్లకు మాధవి మూడో లెవెల్ వేస్తే, ఓదార్చలేదు గదా అని బయటి మేడం ఒకటి వేసింది. బర్రె పిల్లకు, కాగితంల బర్రె లేదని మాధవి కండ్లనీళ్లతో ఒకటి వేస్తే, ఆమె నాలుగు వేసింది. "ఇంత మంచిగ ఓదార్చిన పిల్లను నేను ఈ మధ్యల చూడలే" అన్నది. తర్వాత నా దిక్కు చూసింది. "కాగితం మంచిగున్నది మాధవీ. కొలిచే సోలకే చిల్లు పడ్డది. రేపు తొమ్మిదింటికి ఇంకో పేషెంటును తెచ్చుకో. రేపు కూడ కలవకుంటే నేను సరే అనలేను."

 ఇంటికొచ్చి చెప్పులిడిచినంక మాధవి అన్నది.

"ముందే ఒక్క మాట చెప్తే ఏమాయె అత్తమ్మా? చచ్చింది లక్ష్మమ్మ మొగుడు. మామ కాదు గదా!"

"పేరు లక్ష్మమ్మదే బిడ్డా, నోరు నాదే గద!"

మాధవి నన్ను తిట్టలే. గోడకానుకొని కూర్చున్నది. అది చూస్తే తిట్టినదానికంటే ఎక్కువైంది. రేపు తొమ్మిదింటికి ఎవరిని తేవాలె? మా ఆయన అంతా విని, "ఆ కాగితం ఇటియ్యి" అన్నడు.

మా ఆయన గురించి ఒకటి చెప్పాలె. బస్టాండులో కంట్రోలర్‌గా చేసి రిటైరైండు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తదో ఏండ్ల తరబడి మైకులో చెప్పిండు. వాన పడ్డా, బస్సు చెడిపోయినా, ఆయన గొంతు మారలే. ఇంట్లో కూడా అదే గొంతు. మా పెండ్లి చూపులప్పుడు "పిల్ల నచ్చింది" అన్నది కూడా అదే గొంతుతో అన్నడని మా అన్న ఇప్పటికీ నవ్వుతడు.

తెల్లారి శనివారం, ఆరు గంటలకు మా ఇంటి వరండాలో పరీక్ష మొదలైంది. మా ఆయన కుర్చీలో. మా కొడుకు ఫోన్ల టైం చూస్తున్నడు. మాధవి నర్సు పిల్ల. రెండో కాగితం నా చేతిలో పెట్టిన్రు, టిక్కులు కొట్టమని.

"ఇంట్ల ఎవరుంటరు పెద్దయ్యా?"

"ఒక్కణ్ణే ఉంట. నా భార్య చనిపోయి రెండు నెలలాయె. గుండెపోటు."

మంచాల పోయే బస్సు రెండో నంబరు మీదికొచ్చినట్టే చెప్పిండు. ఒక్క అక్షరం తడబడలే.

"జర ఆగి చెప్పరాదూ! కొంచెం గొంతు పట్టుకున్నట్టన్నా అనరాదూ!" అన్న.

"కాగితంల గొంతు పట్టుకోవాలని రాసిలేదు" అన్నడు.

మాధవికి మొఖంల రంగొచ్చింది. "మళ్ల చెప్పు మామా!" మొత్తం ఆరుసార్లు చెప్పించింది. ఆరుసార్లు అదే మాట, అదే తీరు. నేను ఒక్కొక్కసారి దేవుడింట్లకు పోయి దీపానికి దండం పెట్టుకొని వచ్చి, టిక్కు కొట్టి కూర్చున్న.

తొమ్మిదింటికి కాలేజీలో ఇంకో పన్నెండు సార్లు చెప్పిండట. పదకొండున్నరకు ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికొచ్చిన్రు. పన్నెండు మంది పిల్లలవి కాగితాలు రెండూ కలిసినయట. బయటి మేడం సంతకం పెట్టిందట. కోహెడ పిల్లకు మూడో లెవెల్ వచ్చిందట. ఇద్దరు పిల్లలైతే నా కోసం నిజంగనే ఏడ్చిన్రట. "ఇసొంటి పేషెంటు దొరకడు, వచ్చే ఏడు కూడ పంపమన్నది మేడం" అని మాధవి మురిసిపోయింది.

"మరి నేను ఏ లెవెల్ బిడ్డా?" అని అడిగిన.

"మొదటి లెవెల్ అత్తమ్మా. పక్కన ఒకరు నిలబడాలె."

మా ఆయన కుర్చీలో కూలబడి, అదే గొంతుతో "చాయ్ పొయ్యి" అన్నడు.

ఆ ఒక్క పొద్దున పద్దెనిమిదిసార్లు చచ్చిన నేను, లేచి పోయి చాయ్ పెట్టిన. చక్కెర మాత్రం వెయ్యలే.