అన్న ఉద్యోగానికి నా ముక్కు

మా ఇంట్లోకి మందు సీసా రాక ముప్ఫై ఏళ్ళు దాటింది. దగ్గు మందు కొన్నా, అందులో ఆల్కహాల్ ఉందేమోనని అమ్మ అట్టపెట్టె తిప్పి తిప్పి నా చేత చదివించేది. అమ్మ పోయింది, ఆ అలవాటు నాకు మిగిలింది. అలాంటి నేను పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం మా పచ్చళ్ళ షెడ్డులో కూర్చుని, వరసగా మూడు రకాల జిన్ను వాసన చూశాను. చూడమన్నది మా అన్న.

ముందు నా సంగతి చెప్పాలి. బోగోలులో పచ్చళ్ళు పెట్టి అమ్ముతాను. నిమ్మకాయ, రొయ్యలు, వంజరం. కావలి కొట్లలో నా జాడీలు కనిపిస్తాయి. నూనె డబ్బా మూత తీస్తే చాలు, పాతదో కొత్తదో చెప్పేస్తాను. మెంతిపిండి అరచేతిలో వేసి రుద్ది చూస్తే ఎన్నాళ్ళ కింద ఆడించారో తెలిసిపోతుంది. "నీది ముక్కు కాదు తల్లీ, పోలీసు కుక్క" అంటాడు మా ఆయన. అది పొగడ్తే అని పాతికేళ్ళుగా నమ్ముకుంటూ వస్తున్నాను.

అన్న గోవాలో ఒక హోటలు బార్‌లో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. చర్చిలో ఎవరైనా "మీ అన్నయ్య ఏం చేస్తారమ్మా?" అని అడిగితే "హోటల్లో అండి" అని అక్కడితో ఆపేసేదాన్ని. కరోనా రెండో విడత తగ్గాక ఊరికి వచ్చినవాడు మళ్ళీ వెళ్ళలేదు. ఎందుకంటే "అక్కడ బాగలేదులే" అని ముక్తసరిగా చెప్పాడు. అప్పటినుంచి అద్దె ఆటో తిప్పుతున్నాడు. వదిన మిషను కుడుతుంది, కూతురు నర్సింగు చదువుతోంది. యాభై రెండేళ్ళ మనిషికి కొత్తగా ఉద్యోగం ఎవరిస్తారు?

ఇచ్చేవాడు ఒకడు దొరికాడు. సముద్రం ఒడ్డున, సరుగుడు తోపు పక్కన ఒక కొత్త రిసార్టు కడుతున్నారు. ఓనరు నెల్లూరాయన. బార్ చూసుకోవడానికి అనుభవమున్న మనిషి కావాలని విని అన్న వెళ్ళి కలిశాడు. ఆయన మాటలతో సరిపెట్టుకోలేదు. టౌన్ల నుంచి వచ్చే కుర్రకారంతా ఇప్పుడు క్రాఫ్ట్ జిన్ను అడుగుతున్నారట. పెద్ద ఫ్యాక్టరీల్లో కాకుండా, చిన్న చిన్న బట్టీల్లో మన దేశపు దినుసులు వేసి కాచేదట అది. మూడు శాంపిలు సీసాలు అన్న చేతిలో పెట్టి, "ధర మనకు అందుబాటులో ఉండాల, తాగినోడు మళ్ళీ అదే అడగాల. ఒకటి ఎంచి, ఎందుకో నాకు చెప్పు. నచ్చితే ఉద్యోగం నీది" అన్నాడు.

ఆ మూడు సీసాలూ పచ్చళ్ళ అట్టపెట్టెలో పెట్టుకుని అన్న నేరుగా మా షెడ్డుకి వచ్చాడు. నేను పెట్టె తెరిచి చూసి వెంటనే మళ్ళీ మూసేశాను.

"ఇవి నా షెడ్డుకి ఎందుకు తెచ్చినావన్నా?"

"అరవబాక మే. వాసన చూసి చెప్పాల నువ్వు."

"నేనా? ఇరవై ఏళ్ళు అదే పని చేసినోడివి నువ్వు కదా!"

అన్న పీట లాక్కుని కూర్చున్నాడు. గోడకేసి చూస్తూ, "నాకు వాసన తెలవదు మే. కరోనా వచ్చినప్పుడు పోయింది. మళ్ళీ రాలా" అన్నాడు.

గోవా ఎందుకు వదిలేశాడో అప్పుడు చెప్పాడు. పులిసిపోయిన వైను ఒక టేబులుకి పోసిచ్చాడట. వాళ్ళు మొహం మీద తిట్టారట. వారంలో రెండోసారి అలాగే జరిగేసరికి మేనేజరు పిలిచి అడిగితే, నిజం చెప్పలేక తనే మానేస్తానని చెప్పి వచ్చేశాడు. ఈ సంగతి వదినకి కూడా తెలియదు. నాలుగేళ్ళు ఒక్కడే కడుపులో పెట్టుకుని తిరిగాడు.

నాకు జాలికంటే ముందు కోపం వచ్చింది. ఊరికొచ్చినప్పటినుంచి నెలనెలా నేను పంపిన పచ్చడి తిని, ఫోను చేసి మరీ మెచ్చుకున్నాడు ఈ మనిషి.

"మరి రొయ్యల పచ్చట్లో మెంతులు సరిగ్గా పడినాయని ఎట్టా చెప్పినావు?"

"నువ్వెప్పుడు తక్కువేసినావు గనకా!"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి వస్తే ముక్కు కారుతుంది కాబట్టి చెంగుతో తుడుచుకుని, "నోట్లో మాత్రం పోసుకోను" అన్నాను. అన్న చేతులు జోడించి, "నోటితో పన్లేదు తల్లీ. ముక్కు చాలు. ఇది కూడా పోతే రొయ్యల గుంటల కాడ కాపలాకి పోవాల్సిందే నేను" అన్నాడు.

తలుపు దగ్గరగా వేసి మొదలుపెట్టాం. మొదటి సీసా నీలం రంగులో, నెమలి బొమ్మతో, పెళ్ళికి ముస్తాబైనట్టుంది. ముచ్చటగా ఉందన్నాను. "సీసా చూడబాక, సగం డబ్బు దానికే పోతాది" అని అన్న దాన్ని గుడ్డతో కప్పేశాడు. ఐసు వేస్తే తప్పులు దాక్కుంటాయట, చేదు సోడా లాంటి టానిక్ నీళ్ళు కలిపితే ఏ జిన్నైనా బాగానే ఉంటుందట. అందుకని మంచినీళ్ళు సగానికి సగం కలిపి, గ్లాసు మీద సాసరు మూతపెట్టి, కాసేపాగి తీయమన్నాడు. నోరు కొంచెం తెరిచి పీల్చాలి. ఒకటయ్యాక ఇంకోటి చూసేముందు నా మోచేయి వాసన నేనే చూసుకోవాలి. అప్పుడు ముక్కు మామూలుగా అవుతుందట. నేను మోచేయి పీల్చుకుంటుంటే అన్న నవ్వు ఆపుకోవడం చూశాను.

"చెప్పు."

"అగరొత్తులు. పెళ్ళిలో చల్లే పన్నీరు. ఇంకేం లేదు."

"ధర మాత్రం అన్నిటికన్నా ఎక్కువ. పక్కన పెట్టు."

రెండోది సాదా సీసా. సాసరు తీయగానే నిమ్మాకు నలిపిన వాసన. కాయ కాదు, ఆకు. గూడూరు నిమ్మకాయల బస్తాలో ఆకులు కలిసి వస్తాయి కదా, అవి ఏరేటప్పుడు వేళ్ళకి అంటేది అదే. దాని వెనకాల వేయించని ధనియాలు. ఆ వెనక ఇంకేదో ఉంది. తెలుసుగానీ పేరు రావడంలేదు. నాకు అలవాటైన పద్ధతిలో ఒక చుక్క అరచేతిలో వేసుకుని రెండు చేతులూ రుద్దాను.

"అరే, మేము కూడా అక్కడ ఇట్టాగే చేసేవాళ్ళం!" అన్నాడు అన్న.

స్పిరిటు ఎగిరిపోయాక మిగిలినదాన్ని పీల్చాను. "క్రిస్మస్‌కి చర్చిలో పెడతామే, అప్పుడే నరికిన సరుగుడు కొమ్మ. అదన్నా."

అన్న తొడ చరిచాడు. "జునిపర్ మే అది! జిన్నుకి ప్రాణం అదే. మిరియాలంత కాయలు, కొండల్లో కాస్తాయి." అంత సంతోషంగా అతన్ని చూసి చాలా కాలమైంది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని మా చర్చి సంఘపెద్ద గారి భార్య వచ్చారు. వెల్లుల్లి పచ్చడి కావాలట. అన్న సీసాల మీద గోనెసంచి పడేశాడు. ఆవిడ గుమ్మంలోనే ఆగి గాలి పీల్చారు. "ఏం వాసనమ్మా, ఇంత బాగుంది?"

"నిమ్మకాయలో కొత్త మసాలా వేసి చూస్తున్నానండి" అన్నాను. బాప్తిస్మం తీసుకున్నాక అంత పచ్చి అబద్ధం ఆడటం అదే మొదలు. ఆవిడ సంబరపడి, అది తయారయ్యాక అరకిలో పక్కన పెట్టమని చెప్పి వెళ్ళారు. ఇప్పటికీ ఆదివారం కనిపించినప్పుడల్లా అడుగుతుంటారు, నేను ఇంకా ఊరలేదని చెబుతుంటాను.

మూడోది అన్నిటికన్నా చవక. పైపైన నిమ్మతొక్క వాసన ఘాటుగా ఉంది. పర్వాలేదే అనుకుంటూ అరచేతిలో రుద్దాను. నిమ్మ పారిపోయింది. మిగిలినదాన్ని పీల్చి, చేతులు దూరంగా పెట్టుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తాను. రెండుసార్లు సబ్బుతో కడిగాను.

"ఏమైంది మే?"

"నాన్న" అన్నాను.

మా నాన్న పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. తాగేవాడు. స్కూలు నుంచి వచ్చి చదువుకుంటుంటే గుమ్మంలో ఆయన చెప్పులు విడిచిన చప్పుడు వినగానే పుస్తకం మూసేసి అమ్మ వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. అన్న అప్పటికే నెల్లూరులో హోటలు పనికి పోయాడు. అతనికి తెలిసిన నాన్న భుజం మీద ఎక్కించుకుని సముద్రం చూపించిన నాన్న. ఆ మాట వచ్చినప్పుడల్లా "నాన్న అంతేం తాగేవోడు కాదులే" అనేవాడు. నేను లేచి వెళ్ళిపోయేదాన్ని. అతను గోవాలో ఉన్న ఇరవై ఏళ్ళూ మేమిద్దరం పండక్కీ పబ్బానికీ తప్ప మాట్లాడుకోకపోవడానికి అతని బార్ ఉద్యోగం ఒక కారణమైతే, ఆ మాట ఇంకో కారణం.

ఆ రోజు మాత్రం అన్న లేచి నా చేతికి తువ్వాలు అందించాడు. మూడో సీసాకి మూత బిగించి పెట్టెలో అడుగున పెట్టాడు.

రెండోదాన్నే ఎంచాడు. దాని ధర మొదటిదాంట్లో సగం కూడా లేదు. ఫోనులో ఓనరుకి చెబితే ఆయన సంతోషించి, వారంలో రమ్మన్నాడు. ఆ వారమంతా అన్న నా మాటలు బట్టీపట్టాడు. నిమ్మాకు, ధనియాలు, సరుగుడు కొమ్మ.

నన్నూ వెంటబెట్టుకు వెళ్ళాడు. రిసార్టు భోజనాల్లోకి పచ్చళ్ళ శాంపిళ్ళు చూపించడానికని పైకి చెప్పుకున్నాం. అసలు సంగతేమిటంటే ఒక్కడే పోవడానికి అతనికి ధైర్యం చాలలేదు. సున్నం వాసన ఇంకా పోని హాల్లో పొడుగాటి చెక్క కౌంటరు. ఒక చివర నేను జాడీలు సర్దుకుంటున్నాను. ఓనరు మర్యాదస్తుడే. నన్ను కూర్చోమని కుర్చీ వేయించి, కౌంటరు మీద ఒక సీసా పెట్టాడు. సాదా సీసా, అదే లేబులు.

"నువ్వు చెప్పిందే, కేసు తెప్పించినా. వేరేచోట ఇంకా తక్కువకి దొరికింది" అని సీలు తీసి గ్లాసులో పోశాడు. "గెస్టుకి చెప్పినట్టు చెప్పు, విందాం."

అన్న నీళ్ళు కలిపాడు, గ్లాసు తిప్పాడు, కళ్ళు మూసుకుని పీల్చాడు. "ముందు నిమ్మాకు వస్తాది సార్, కాయ కాదు, ఆకు. దాని వెనక పచ్చి ధనియాలు. ఆఖర్న క్రిస్మస్‌కి నరికిన సరుగుడు కొమ్మ." ఒక్క తప్పు లేదు. ఓనరు తలూపుతూ చిరునవ్వు నవ్వాడు. నా మాటలు ఇంత బాగుంటాయా అని నాకే గర్వమేసింది. ఉద్యోగం వచ్చేసినట్టే అనుకున్నాను. ఓనరు గ్లాసుని పక్కకి జరిపాడు. అది నా జాడీల దగ్గరికొచ్చి ఆగింది.

"అన్నా, ఇది అది కాదు" అన్నాను.

అన్నానని అన్నాకగానీ నాకు తెలియలేదు. పాత నూనె కళ్ళముందు కనబడితే ఊరుకోలేని నోరు నాది, అన్న బతుకు అక్కడ వేలాడుతోందన్న ఆలోచన దానికి లేకపోయింది. నేను గమ్మునుంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. అన్నకి ఉద్యోగం వచ్చేది.

ఓనరు నా వైపు తిరిగాడు. లోపలికి వెళ్ళి, అన్న ఎంచిన శాంపిలు రకంలో తన దగ్గర ఉంచుకున్నది తెచ్చాడు. రెండూ పక్కపక్కన పోసి, అరచేతిలో రుద్ది చూడమన్నాను. చూశాడు. మొహం మాడిపోయింది. లేబులు అదే, లోపలి సరుకు వేరు. చవగ్గా వచ్చిందంటే ఎందుకొచ్చిందో తెలిసింది ఆయనకి.

"మరి నువ్వు అన్నీ చెప్పినావే?" అని అన్నని అడిగాడు.

అన్న కౌంటరు మీద రెండు చేతులూ ఆనించాడు. "నాకు వాసన తెలవదు సార్. కరోనాతో పోయింది. అవన్నీ మా చెల్లెలు చెప్పిన మాటలు. జిన్ను ఎంచింది అది, నేను కాదు."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఓనరు నన్నే అడిగాడు. "మీరు తాగుతారామ్మా?"

"లేదండి."

"మరి సీసా ముట్టకుండా ఎట్టా పట్టేసినారు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఇంకో అబద్ధానికి నా దగ్గర ఓపిక లేదు. "మా నాన్న దగ్గర ఈ వాసన వచ్చేదండి. చిన్నప్పుడు భయం నాకు, ఈ వాసనంటే."

"అవును సార్" అన్నాడు అన్న. "మా నాన్న బాగా తాగేవోడు. నేను ఇంట్లో లేను. అన్నీ ఇదే పడింది."

ముప్ఫై ఏళ్ళు ఆ మాట కోసం చూశాను. ఒక కొత్త మనిషి ముందు, ఇంకా రంగులు వేయని హాల్లో వింటానని ఎప్పుడూ అనుకోలేదు.

ఓనరు కాసేపు వేళ్ళతో కౌంటరు తట్టాడు. "పోయడం, మాట్లాడటం, మనుషుల్ని చూసుకోవడం నీకొచ్చు. అది నాకు కనబడతానే ఉంది. సరుకు దిగిన రోజు మీ చెల్లెలు వచ్చి చూసిపోతానంటే చెప్పు, రేపట్నుంచే రా."

నేను నోరు తెరిచేలోగా అన్న అందుకున్నాడు. "అది రాదు సార్. ఆ వాసన దానికొద్దు. నేను వేరే పని చూసుకుంటాలే." చెప్పి, నా జాడీలు ఒక్కొక్కటే సంచిలో సర్దడం మొదలుపెట్టాడు.

నేను అతని చేతిలో జాడీ తీసుకుని మళ్ళీ కౌంటరు మీద పెట్టాను.

"వస్తాను సార్" అన్నాను. "ఆదివారం మాత్రం సరుకు దించబాకండి."