నేను తాగిన బూడిద నీళ్లు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాన్ని అబద్ధమని పిలవడానికే ఇన్నాళ్లు పట్టింది. మొదట యుక్తి అన్నాను. తర్వాత ప్రచార పద్ధతి అన్నాను. మీకు మాత్రం అసలు పేరుతోనే చెబుతాను. మోసం.

మదనపల్లెలో నన్ను ఎరిగినవాళ్లకు నా ఉద్యోగం కన్నా నా వాదనలే ఎక్కువ గుర్తు. చేతిలోంచి విబూది తీసే స్వాముల గుట్టు వేదిక మీదే విప్పేవాణ్ని. విబూది ఉండను వేళ్ల సందున ఎలా దాస్తారో చేసి చూపేవాణ్ని. "రుజువేది?" అన్నది నా ఊతపదం.

కుప్పం దగ్గర ఒక ఊళ్లో వదిలేసిన గ్రానైటు క్వారీ గుంత ఉంది. దూరంగా ఉన్న ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో, విషం గాలిలో కలవకుండా పొగను కడుగుతారు. గాలి శుభ్రపడుతుంది. కడగగా మిగిలిన బూడిద బురదను ఎక్కడో ఒకచోట పోయాలి. అందుకు ఈ గుంతను ఎంచుకున్నారు. దాన్ని పద్ధతిగా పూడ్చాలంటే ఖర్చవుతుంది. గుంత అడుగున మందపాటి ప్లాస్టిక్ షీటు పరవాలి, పైన మట్టి కప్పాలి, చుట్టుపక్కల బావుల నీళ్లు పరీక్ష చేయిస్తుండాలి. ఆ పని తీసుకున్న కాంట్రాక్టరు నాకు తెలిసినవాడే, మా హేతువాద సంఘం సభలకు షామియానా వేయించేవాడు.

"షీటు వేస్తే నాకేం మిగలదు సార్. రాతి గుంతే గదా, నీళ్లు యాడికి పోతాయి?" అన్నాడు.

ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. మందు పెట్టి పేల్చిన రాయి లోపలిదాకా చీలి ఉంటుంది. ఆ చీలికల్లో ఊరే నీళ్లే అక్కడి బావులకు ఆధారం. తెలిసీ ఊరుకున్నాను. ఎందుకు? ఆ ఊరి పూజారి అడ్డం తిరిగాడు గనుక. గుంతలో బూడిద పోస్తే గంగమ్మకు కోపం వస్తుందని పూనకంలో చెప్పాడట. నాకు అది చాలు. పూజారి వద్దన్నదల్లా మంచిదేనని నమ్మే మూఢత్వం కూడా ఒకటుంటుందని, అది నాలోనే ఉందని అప్పుడు తోచలేదు.

ఊరివాళ్ల భయం పోగొడతామని సభ పెట్టాం. అప్పటికి ఊరివాళ్లు ఆపిన మొదటి లారీలోని బూడిద కలిపిన నీళ్లు అందరి ఎదుటా తాగుతానని ముందే చాటించాను. ఆ పొద్దున పుంగనూరులో బస్సు మారేటప్పుడు, టీకొట్టు పొయ్యిలోంచి పిడికెడు కట్టెల బూడిద అడిగి పొట్లం కట్టుకున్నాను. "పళ్లు తోముకునేదానికా సార్?" అని కొట్టతను నవ్వాడు. అవునన్నాను.

లారీలోదే ఎందుకు తాగలేదు? ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. భయపడ్డాను. అంటే అది ప్రమాదమని నా బుద్ధికి తెలుసు. నా గొంతుకు వద్దనుకున్నదాన్ని ఒక ఊరి గొంతులో పోయడానికి వెళుతూ, దారి పొడవునా ఉపన్యాసం నెమరేసుకున్నాను.

లారీలోదేనంటూ పొట్లం విప్పి గ్లాసులో కలుపుతుంటే నాగమ్మ లేచింది. గుంతకు దిగువనే ఆమె బావి. దాని కింద మల్బరీ తోట, కొన్ని గొర్రెలు. ఆమెకున్నది అంతే.

"గంగమ్మ సంగతి ఆ పూజారప్ప సూసుకుంటాడు. నాకు బావి ఉండాది. లారీలో వచ్చేది తడిగా, ముద్దగా ఉంటాది సారూ. మీ పొట్లంలోది పొడిగా ఉండాదే, యాల?"

"ఎండితే ఏదైనా పొడే కదమ్మా. తలకు పోసుకుంటే నీ జుట్టు ఆరదా?"

జనం గొల్లుమన్నారు.

"ఆరతాది లేప్పా. బావిలోకి దిగుతాదా, దిగదా? అది సెప్పండి."

"దిగదు," అన్నాను. తాగాను. చప్పట్లు కొట్టారు. ఆ వారమే మిగతా లారీలు వచ్చాయి.

ఆ సభలో హేతువాది నాగమ్మ ఒక్కతే. చూసింది, పోల్చింది, అడిగింది. నేను చేసింది విబూది స్వామి పని.

రెండు వానాకాలాల తర్వాత ఆ నీళ్లకు గొర్రెలు మూతి పెట్టడం లేదని విన్నాను. తోట ఆకు తిన్న పట్టుపురుగులు గూడు కట్టలేదని విన్నాను. బూడిదే కారణమని రుజువేది, అని నాలోని వాది లేచాడు. నిజమే, రుజువు లేదు. ఎందుకు లేదు? ఒక సీసా నీళ్లు పరీక్షకు పంపితే తేలేది. నేను పంపలేదు. ఏం తేలుతుందోనని పంపలేదు. శుభ్రమైన గాలి, కరెంటు మనకు దక్కాయి. షీటు ఖర్చు కాంట్రాక్టరుకు తప్పింది. మూల్యం ఆ బావి మీద పడింది. పడేలా నెట్టింది నా మాట.

పోయిన నెల ఆ ఊరు వెళ్లాను, చెప్పేద్దామనే. "రాండి సారూ" అని నాగమ్మ మంచం వాల్చింది. దొడ్లో గొర్రెలు లేవు. చెంబు అందిస్తూ, "భయం లేదు, తాగండి. కుప్పం నుంచి తెప్పించిన క్యాను నీళ్లు. మా బావివి మేమే తాగడంల్యా" అంది.

తాగాను. బస్సుకు టైమవుతోందని లేచాను.

ఆమెకు చదవడం రాదు. ఇది అచ్చయినా దానంతట అది ఆమెకు చేరదు. నేనే వెళ్లి చదివి వినిపించాలి. మళ్లీ ఇంకా వెళ్లలేదు. వెళతానని ప్రమాణం చేసేంత నమ్మకం నా మీద నాకు లేదు. కనీసం ఇక్కడ రాయనీ.

దిగుతుంది, నాగమ్మా. దిగుతుందని నాకు ఆ రోజే తెలుసు. క్షమించమని అడగడం లేదు. ఇది రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.