మా వదిన గుడ్డు బండి

నాలుగో తరగతి పిల్లలకి భాగహారం చెబుతుంటే మా ఆయన బడి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మిరప కోతలప్పుడు ఆయన పగటిపూట పొలం వదిలి రావడం నేనెప్పుడూ చూడలేదు. సుద్దముక్క చేతిలో ఉండగానే బయటికి వెళ్ళాను.

"అక్క తలుపు తీయట్లేదు," అన్నాడు.

భుజం మీది తువ్వాలు చేతికి చుట్టుకుంటూ, "మేమే తీశాం," అన్నాడు. "నిద్రలోనే పోయింది."

మా వదిన, అంటే మా ఆయనకి పెద్దక్క, నర్సు. గుంటూరులో మిషను ఆసుపత్రిలో చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఆ ఆసుపత్రిలో పుట్టినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే మిమ్మల్ని మొదట ఎత్తుకున్న చేతులు ఆవిడవే అయినా కావచ్చు. సమాధి దగ్గర చర్చి సంఘం పెద్దలు ఆవిడ గురించి చాలా మంచి మాటలు చెప్పారు. 'విశ్రాంతి ఎరుగని సేవకురాలు' అన్నారు. నేను తల వంచుకుని విన్నాను. ఆ మాట వింటే మా వదిన నొచ్చుకునేది. విశ్రాంతి కోసం ఆవిడ ఎంత పెనుగులాడిందో దగ్గరుండి చూసినదాన్ని. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

రిటైరయ్యాక నర్సుల క్వార్టర్సు ఖాళీ చేసి ఒక ట్రంకు పెట్టె, ఒక చాపచుట్టతో మా ఊరు వచ్చింది. మాది ప్రత్తిపాడుకి ఇవతల ఊరు. ఇల్లు రెండు గదులు, ముందు తాటాకు వసారా. పిల్లలు, పొలం పనివాళ్ళు, పుస్తకాల కోసం వచ్చే నా బడి పిల్లలు, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. ఆవిడ మధ్యాహ్నం కాస్త నడుం వాలిస్తే వంటింట్లో గిన్నె జారినా సరే, దిగ్గున లేచి కూర్చుని కాళ్ళతో చెప్పులు వెతుక్కునేది. "ఏ నంబరు బెడ్డమ్మా?" అనేది. కళ్ళు తెరిచే ఉండేవి గానీ మమ్మల్ని చూసేవి కావు. తరువాత తెలివి వచ్చి, "మీ ఇల్లు గదూ," అని మళ్ళీ పడుకునేది. నిద్ర మాత్రం పట్టేది కాదు.

అప్పట్లో చర్చి ఆవరణలో వెనక ప్రహరీ పక్కన ఒక బండి పడి ఉండేది. తుఫాను వచ్చినప్పుడు సముద్రం ఒడ్డు ఊళ్ళలో వైద్యం చేయడానికి వచ్చిన ఒక దొర, దొరసాని దాన్ని జీపు వెనక కట్టుకుని తిరిగేవారు. అందులోనే వంట, అందులోనే పడక. వెళ్ళిపోతూ దాన్ని మా సంఘానికి వదిలేశారు. ఒళ్ళంతా ఫైబరు గ్లాసు. రెండు పెద్ద దోనెలు ఒకదాని మీద ఒకటి బోర్లించి అతికినట్టుంటుంది. ఎటు చూసినా వంపే. అందుకే ఊళ్ళో అందరూ 'గుడ్డు బండి' అనేవాళ్ళు. చక్రాల గాలి పోయి, కింద మేకలు పడుకునేవి.

ఒక సాయంత్రం ప్రార్థన అయ్యాక మా వదిన ఆ తలుపు లాగింది. లోపలి నుంచి ముక్కిన వాసన గుప్పున కొట్టింది. కిటికీలోంచి ఏళ్ళ తరబడి వాన కారి నేల చెక్క ఉబ్బి పొరలు పొరలుగా లేచింది. పరుపు స్పాంజిలో ఎలుకలు కాపురం పెట్టాయి. గోడలకి అంటించిన గుడ్డ బూజు పట్టి వేలాడుతోంది. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ మాత్రం గుమ్మంలో చాలాసేపు నిలబడింది.

"ఇందులో ఒక్క మనిషికే చోటుందమ్మాయ్," అంది.

"అవును వదినా, మరీ ఇరుకు."

"ఇరుకనట్లేదు. ఒక్క మనిషికే ఉందంటున్నాను."

పాస్టరు అయ్యగారిని అడిగితే, "ఎలుకలకి బదులు మీరుంటానంటే మాకేం అభ్యంతరమమ్మా," అన్నారు. అభ్యంతరం మా ఆయనది. ఆ రోజు అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"నేనుండగా నువ్వు డబ్బాలో ఉంటావా అక్కా? ఊళ్ళో నా మొహాన ఉమ్మేస్తారు."

"ఊళ్ళోవాళ్ళ కోసం ఇన్నేళ్ళూ ఎవరు గంట కొడితే వాళ్ళ దగ్గరికి లేచానురా," అంది ఆవిడ. "నా తలుపు నేను మూసుకుని పడుకోవాలని ఉంది. నీ మీద కోపం కాదు. అలసిపోయాను."

ఆ మాట ఆవిడ నోట అంతకుముందు మేమెవరం వినలేదు. అయినా మా ఆయన ఒప్పుకోలేదు.

పని మొదలుపెట్టాం. బడి వదిలాక నేను కూడా వెళ్ళేదాన్ని. కుళ్ళిందంతా పీకి బయట పారేయడానికే చాలా రోజులు పట్టింది. గోడకి పట్టిన పాత బంక గీకుతుంటే ఫైబరు దుమ్ము లేచి ఒంటికి దూలగొండి రాసుకున్నట్టు ఉండేది. "వేణ్ణీళ్ళు పోసుకోకమ్మాయ్, ఇంకా లోపలికి దిగుతుంది. చన్నీళ్ళే పోసుకో," అని ఆవిడే బకెట్ తెచ్చి పెట్టేది. కాసేపు గీకడం, కాసేపు గట్టు మీద కూర్చోవడం. ఆవిడ మోకాళ్ళు అప్పటికే అరిగిపోయాయి. "అయినంత చేద్దాం, కానిది రేపు చేద్దాం," అనేది. హడావిడిగా ఒక్క పనీ చేయనిచ్చేది కాదు.

వడ్రంగి వచ్చి లోపల తిరిగి చూసి బుర్ర గోక్కున్నాడు. "మూలమట్టం పెడదామంటే ఇందులో ఒక్క మూల లేదమ్మా," అన్నాడు. అతను సూటిగా కోసి తెచ్చిన మొదటి బల్ల గోడ దగ్గర జానెడు ఎడం వదిలింది. మా వదిన కొట్టుకి వెళ్ళి సబ్బుల అట్టపెట్టెలు అడిగి తెచ్చింది. అట్టని గోడకి ఆనించి, కొంచెం కత్తిరించి, మళ్ళీ ఆనించి, మళ్ళీ కత్తిరించి వంపు సరిపోయేదాకా కూర్చుంది. ఆ అట్ట చూసి అతను చెక్క కోశాడు. ఇద్దరూ కలిసి అలా ఒక్కో బల్లా, ఒక్కో అరా చేశారు. మేకు కొడితే ఫైబరు గోడ పగులుతుంది. అందుకని చీరాల వైపు ఫైబరు పడవలకి అతుకులేసే మనిషిని పిలిపించాం. అతను బంకా గాజు గుడ్డా కలిపి గోడకి చెక్క దిమ్మెలు అంటించి వెళ్ళాడు. బల్లలన్నీ ఆ దిమ్మెలకి బిగించుకున్నాం. ఆ బంక వాసనకి రెండు రోజులు తలనొప్పి వదల్లేదు.

ఎండ సంగతి వేరే. మా వైపు ఎండాకాలం ఆ డబ్బాలో మనిషి ఉడికిపోతుంది. ఆవిడ జిన్నింగు మిల్లు నుంచి తుక్కు పత్తి తెప్పించి, ఏకించి, ఎండు వేపాకు పొడి కలిపి, చీరాల నేత గుడ్డలో బొంత కుట్టినట్టు కుట్టింది. ఆ బొంతల్ని లోపల గోడలకీ పైకప్పుకీ బిగించాం. లోపల కూర్చుంటే బయటి చప్పుడు సగం తగ్గిపోయింది. "వినపడిందా?" అంది నాతో. "ఏం వదినా?" అన్నాను. "ఏమీ వినపడట్లేదు కదూ," అంది. ఆవిడ మొహంలో సంతోషం చూడటం నాకు అరుదు. ఆ రోజు చూశాను.

మా ఆయన అంతవరకూ అటు తొంగి చూడలేదు. ఒక ఆదివారం తాటాకులూ వాసాలూ ఎడ్లబండి మీద వేసుకొచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా గుంజలు పాతి, గుడ్డు బండి మీదుగా పెద్ద పందిరి వేశాడు. దిగి చెమట తుడుచుకుంటూ, "రేకులాగా కాలుద్ది, తెలియదా?" అని మాత్రం అన్నాడు. "తెలుసురా, నువ్వు వస్తావేమోనని చూస్తున్నా," అంది ఆవిడ.

పడక మాత్రం ఆవిడ తన ఒంటి కొలతకే చేయించుకుంది. మోకాళ్ళు ఎక్కువ వంచకుండా కూర్చునేంత ఎత్తు, కాళ్ళు చాపుకునేంత పొడుగు. కొత్త పరుపు, తెల్ల దుప్పటి. పని పూర్తయ్యాక ఆదివారం అయ్యగారు ప్రార్థన చేస్తే ఆ రాత్రికి అక్కడ పడుకోవాలని అనుకున్నాం.

శనివారం మధ్యాహ్నం ఒక ట్రాక్టరు వచ్చి పందిరి ముందు ఆగింది. మిరప కోతలకి పడమటి నుంచి వచ్చిన కూలీలు. వెనక ట్రక్కులో గోనెల మీద ఒక పిల్ల మెలికలు తిరిగిపోతోంది. తొలి కాన్పు.

"గుంటూరు తీసుకెళ్ళండి. నేనిప్పుడు నర్సుని కాదు," అంది మా వదిన.

"అటే బయల్దేరామమ్మా," అంది ఆ పిల్ల అత్త. "గతుకులకి ఇంకా ఎక్కువైంది. దారిలోనే అయ్యేట్టుంది. మీరున్నారని చెప్పారు."

మా వదిన పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయింది. నాకు ఆవిడ వీపు కనిపిస్తోంది. మిగతావాళ్ళకి అది ఆలోచనలా కనిపించి ఉంటుంది. ఎత్తలేని బరువు ముందు నిలబడ్డ మనిషిలా ఉంది నాకు. తరువాత, "దించండి," అంది. నా వైపు తిరిగి, "నీళ్ళు మరగబెట్టమ్మాయ్," అంది.

పొద్దు వాలేవేళకి మగపిల్లాడు పుట్టాడు. బొడ్డు పేగు మెడకి చుట్టుకుని నీలంగా వచ్చాడు. ఆవిడ పేగు తప్పించి, నోట్లో తెమడ తీసి, వీపు రుద్దుతూనే ఉంది. "ఏడవరా అయ్యా, ఏడు," అంటోంది మెల్లిగా. వాడు ఏడ్చేసరికి ఆ చిన్న డబ్బా అంతా ఆ గొంతుతో నిండిపోయింది. కొత్త పరుపు, తెల్ల దుప్పటి ఇక దేనికీ పనికిరావు. మా వదిన మెట్టు మీదికి వచ్చి కూర్చుని చేతులు ఒళ్ళో పడేసుకుంది.

"నా పక్క మీద నాకంటే ముందు వాడు పడుకున్నాడు చూడు," అంది. నవ్విందో, ఏం చేసిందో నాకు తెలియలేదు.

తల్లీ బిడ్డా తేరుకునేదాకా అక్కడే ఉన్నారు. ఆవిడ మా వసారాలో పడుకుంది. ఈలోగా కబురు పొలాలన్నీ తిరిగింది. జ్వరాలు, తేలు కాట్లు, కారపు ఘాటుకి వాచిన కళ్ళు, అందరూ గుడ్డు బండి దగ్గరికే రావడం మొదలుపెట్టారు. అయ్యగారు, సంఘం పెద్దలు ఒక రోజు వచ్చి, దాన్ని సంఘం తరఫున దవాఖానా చేద్దామన్నారు. అది దేవుడి చిత్తంలా కనిపిస్తోందన్నారు.

"ఇది ఇల్లండీ," అంది మా వదిన.

"ఎంతమందికి మేలు జరుగుతుందో ఆలోచించండమ్మా."

"ఆలోచించాను. నాకు ఇల్లు లేదు. ఇది ఇచ్చారు, నేను బాగుచేసుకున్నాను. పొద్దున పూట ఎవరొచ్చినా చూస్తాను. తలుపు వేసి ఉంటే ఎవరూ తట్టకూడదు. అలా కాదంటే బండి మీరే తీసుకోండి, మా తమ్ముడింటికి పోతాను."

ఇలా సూటిగా మాట్లాడే మనిషి కాదు ఆవిడ. పెద్దల మొహాలు ముడుచుకున్నాయి. అయ్యగారు మాత్రం, "సరేనమ్మా," అన్నారు. తలుపు వేసి ఉంటే తట్టవద్దని ఒక చెక్క మీద నేనే రాసి తగిలించాను. చదువురాని వాళ్ళకి ఆ చెక్క ఏం చెబుతుంది? అయినా చాలామంది ఆ మాట పాటించారు.

పాటించనివాళ్ళూ ఉన్నారు. ఒక మధ్యాహ్నం నేను లోపల ఆవిడ కాళ్ళకి నూనె రాస్తుంటే ఎవరో తట్టారు. "అమ్మా, పిల్లాడికి జ్వరం," అంది ఒక మగ గొంతు. నేను లేవబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు మూసుకునే ఉంది. అతను మళ్ళీ తట్టి, కొంచెంసేపు నిలబడి వెళ్ళిపోయాడు. "లేవలేకపోయానమ్మాయ్," అంది. "మనసు లేచింది. కాళ్ళు లేవలేదు." ఆ పిల్లాణ్ణి గుంటూరు తీసుకెళ్ళారని, బతికాడని మర్నాడు తెలిసింది. తెలిసేదాకా ఆవిడ అన్నం ముట్టలేదు. ఆవిడ గొప్పతనం చెప్పేవాళ్ళు ఈ మధ్యాహ్నం గురించి చెప్పరు. నాకు మాత్రం ఆవిడ మీద గౌరవం ఆ రోజు పెరిగింది. చేతకానిది చేతకాదని ఒప్పుకుని, దాని బాధ కూడా తానే మోసిన మనిషి ఆవిడ.

అలా ఆరేడేళ్ళు ఉంది ఆ బండిలో. పొద్దున చూసేది, మధ్యాహ్నం తలుపు వేసుకునేది. చీకటి పడితే మా ఇంటికి వచ్చి పిల్లల పక్కన కూర్చుని అన్నం తిని వెళ్ళేది. గిన్నె జారినా ఉలిక్కిపడటం మానేసింది. ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. ఒక రోజు ఇత్తడి బిందె బావి గట్టు మీద దొర్లి పెద్ద మోత చేసింది. చూస్తే, ఆవిడ వసారాలో గోడకి ఆనుకుని నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. ఆ బిందె అలాగే వదిలేసి చాలాసేపు ఆవిడ్ని చూస్తూ ఉండిపోయాను.

సమాధి కార్యక్రమానికి కోతల నుంచి ఆడకూలీలు నేరుగా వచ్చారు. కబురు ఆలస్యంగా అందిందట, చేతులు కడుక్కునే తీరిక కూడా లేకపోయింది. పొద్దుటి నుంచి పండు మిరపకాయలు కోసిన చేతులు. ఆ చేత్తో కన్ను ముట్టుకుంటే మంట పుడుతుంది. అందుకని వాళ్ళు ఏడుస్తూ కూడా కళ్ళు తుడుచుకోలేదు. ఎర్రబడిన వేళ్ళు ఒంటికి తగలకుండా రెండు చేతులూ పక్కలకి ఎడంగా పట్టుకుని, కన్నీళ్ళు గడ్డాల మీంచి కారుతుంటే కారనిస్తూ, మట్టి పూడ్చేదాకా వరసగా నిలబడ్డారు.