ఇశ్రాయేలు మామ ముక్కు లారీ

ముందే ఒప్పుకుంటున్నాను. నేను కోతలు కోస్తాను. గంపెడు విషయాన్ని బండెడు చెయ్యందే నాకు అన్నం అరగదు. మా ఆవిడ నేను చెప్పిన ప్రతిదాన్నీ నాలుగుతో భాగించి నమ్ముతుంది. మీరూ అలాగే చదువుకోండి. ఇందులో ఏది కల్పించానో చివర్లో నేనే చెబుతాను. దెయ్యాల విషయంలో మాత్రం నేను పరమ పిసినారిని. నలభై తొమ్మిదేళ్లలో ఒక్కదాన్నీ నమ్మలేదు.

నాకో పిచ్చి ఉంది. చేల గట్ల మీద, మూతబడ్డ క్వారీల్లో, మిల్లుల వెనక వదిలేసిన పాత కార్లూ జీపులూ లారీలూ ఏ కాలానివో పోల్చుకోవడం. దీపాల గుంతలు, బానెట్ వంపు, తలుపు పిడి చూస్తే చాలు. బండి పుట్టిన ఏడాదే కాదు, పుట్టగానే ఏడ్చిందో లేదో కూడా చెబుతాను. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా నేను పలకరించని తుప్పు లేదు.

కిందటి వేసవిలో గురజాల అవతల, పాత నాపరాళ్ల క్వారీలో ఒక ముక్కు లారీ కనబడింది. ఇంజను ముందుకు ముక్కులా పొడుచుకొచ్చే పాతకాలపు రకం. దాని ముక్కు ముందు కొండవీడు కొండ చిన్నబోతుంది. సర్కారు తుమ్మ ఒకటి కేబిన్లో మొలిచి, కప్పు చీల్చుకుని ఆకాశం చూస్తోంది.

ఈ సంగతి మా వీధిలో ఉండే ఇశ్రాయేలు మామకి చెప్పాను. ఆయన పాతికేళ్లు అలాంటి లారీలోనే గుంటూరుకి మిరపకాయ తోలాడు. ఓనరు దాన్ని అమ్మేశాక ఎటు పోయిందో తెలియదు. ఇప్పుడాయనకి వెలుగూ నీడా తప్ప ఏమీ కనబడవు.

"ఎడం తలుపు ఉందా అల్లుడూ?"

"ఉంది మామా. ఊడటానికి ముహూర్తం చూసుకుంటా ఉంది."

"మీ అత్త ఆ తలుపుకే తల ఆనిచ్చి నిద్రపొయ్యేది. అది నా బండే అయితే తలుపు తెచ్చుకుంటా. కాకపోతే వద్దు. ఎవుడిదో తలుపు నాకెందుకు?"

రాహేలత్త పోయి నాలుగేళ్లయింది. సోమవారం ఆ లారీని ముక్కలు కోసి పాత ఇనుముకి అమ్మేస్తారని క్వారీ కాపలాదారు చెప్పాడు. అందుకని ఆదివారం పొద్దుటి చర్చి అవగానే నా కారులో బయల్దేరాం. నకరికల్లు దాటేసరికి ఎండకి తాళలేక నా నీడ నా చొక్కాలోకి దూరింది.

దారి పొడవునా మామ తన బండి గుణగణాలు చెప్పాడు. మిరప ఘాటుకి ఆ కేబిన్ ఎక్కిన ప్రతివాళ్లూ తుమ్మేవాళ్లట. బయల్దేరేటప్పుడు తుమ్మితే ఆగాలి కదా. కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగితే గానీ బండి కదిలేది కాదు.

"చర్చికి పొయ్యేవాడివి, నీకు శకునాలేంది మామా?"

"శకునం నాది కాదులే, లారీది."

అత్త తుమ్ము నాకూ తెలుసు. రెండు చిన్నవి, ఒకటి పెద్దది, చివర సన్నగా "యేసయ్యా". ఆ పెద్దదానికి మా వీధిలో పాలు విరిగేవి.

క్వారీలో మామ లారీని ముక్కు నుంచి మొదలుపెట్టి తడిమాడు. దీపాలు, మడ్‌గార్డు, మెట్టు. వేళ్లు వెతుకుతూనే ఉన్నాయి, మొహంలో మాత్రం ఏమీ తేలలేదు.

"ఇనుమంతా ఒకే మాదిరిగా ఉంది అల్లుడూ," అన్నాడు నీరసంగా.

చాసిస్ మీద కొట్టిన నంబరు చివర ఏడు, రెండు, తొమ్మిది అని దారిలోనే చెప్పాడు. నేను బండి కిందికి దూరి, వైరు బ్రష్షుతో గీకి, గట్టిగా చదివాను: "ఏడు... రెండు... తొమ్మిది!"

మామ తడుముకుంటూ ఎక్కి, స్ప్రింగులు తేలిన డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగుని తాకి కళ్లకద్దుకున్నాడు.

అప్పుడు వినబడింది, ఎడం పక్క నుంచి. రెండు చిన్న తుమ్ములు. ఒక పెద్దది. ఆ తర్వాత సన్నగా "యేసయ్యా".

మధ్యాహ్నం పన్నెండున్నర. ఆకు కదలడం లేదు. ఎడం పక్క తుమ్మ చెట్టు తప్ప ఎవరూ లేరు. తల లోపలికి పెట్టి వాసన చూశాను. తుప్పు వాసనే, మిరప ఘాటు లేదు.

మామ బెదరలేదు. "మంచినీళ్లియ్యి అల్లుడూ," అన్నాడు. సీసా తీసుకుని, తాను తాగకుండా ఎడం పక్కకి చాపి అలాగే పట్టుకున్నాడు. "తాగు. తొందరేం లేదు." అది నాతో అన్న మాట కాదు.

వేపచెట్టు కింద నుంచి కాపలాదారు కేకేశాడు: "ఏందండీ, ఆడమనిషిని గూడా తెచ్చారా? ఎండలో పెట్టారేంది, ఇటు రమ్మనండి!"

అతనికి అత్త గురించి మేమెవరమూ చెప్పలేదు.

తలుపు ఇప్పుడు మామ మంచం పక్కన గోడకి ఆనించి ఉంది.

ఇక నేను కల్పించింది. అత్త తుమ్ము అనుకుంటున్నారు కదూ? కాదు, నంబరు. చాసిస్ మీద ఒక్క అంకె మిగల్లేదు, తుప్పు తినేసింది. ఆయన చెప్పిన మూడంకెలే ఆయనకి మళ్లీ చదివి వినిపించాను. ఎవరిదో తలుపు ఆ ముసలాయనకి అంటగడుతున్నానే అని గిలగిల్లాడుతూ బండి కింద నుంచి లేచాను. ఆ కాసేపట్లోనే అత్త తుమ్మింది.

అది ఎలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. ఇది విన్న రోజు మా ఆవిడ మాత్రం దేనితోనూ భాగించలేదు.