ఇప్పపూల బస్తా

నేను దంతెవాడ పోతున్న బస్సులో ఎర్రబోరు దగ్గర ఎక్కిన ఒక రైతు, సరిగ్గా ఎండని ఇప్పపూలను బస్తాలో కుక్కి తెచ్చి, మాస్కు కట్టుకున్న ఒకావిడ కాళ్ల దగ్గర దించాడు. బూజు వాసన గుప్పుమంది.

"టాపు మీదికెక్కించన్నా," అంటూ ఆవిడ లేచింది.

"ఏంది, అంటురోగమా?" అని పక్కవాళ్లు దూరం జరిగారు.

"నాతోని మీకేం కాదు. నాకే ఈ బూజుతోని గండం. నా ఊపిరితిత్తులు మార్చిన్రు. ఒకపాలి లోపల బూజు పట్టి సగం ఊపిరి పోయింది. మిగిలిన సగం నేనియ్య."

"అట్లయితే ఇంట్లనే ఉండరాదక్కా," అన్నాడు కండక్టర్.

"ఇంట్ల కూసునేటందుకేనా ఇంకొకరి ఊపిరి తెచ్చుకున్నది?"

బస్తాను వెనక తలుపులోంచి బయటికి దించి టాపెక్కించేదాకా ఆవిడ ముందు ఫుట్‌బోర్డు మీద అడ్డంగా నిలబడింది. బస్సు కదలలేదు. తర్వాత వచ్చి అదే సీట్లో కూర్చుంది.

ఈ పూటకి ఇంట్లోనే ఉండిపోదామనిపించినప్పుడల్లా నాకు ఆ ఫుట్‌బోర్డు గుర్తొస్తుంది. చెప్పులేసుకుని బయల్దేరతాను.