నా చేపల మేత, నరసింహులు కోళ్ళు

నా చేపలకని పెంచిన మేతనంతా నరసింహులు కోళ్ళు తినేశాయి. తలుపు తీసి వాటిని పిలిచినవాడు నరసింహులే. ఎమ్మిగనూరులో మా పక్కింటివాడు, మంచి నేతగాడు. ఇంత ఘోరం చేసింది అతనైతే వీధి వీధంతా నవ్వింది నన్ను చూసి. మీరూ నవ్వుతారు, కానివ్వండి.

కొన్నేళ్ళ కిందట కౌతాళం కాలువ పక్కన మా పొలంలో కుంట తవ్వించి చేపలు వేశాను. ఆదోని అంగడిలో కొన్న మేత బస్తా మీద చదివితే, అందులో చేపపొడి. చేపను ఎండబెట్టి, దంచి, మళ్ళీ చేపకే పెట్టడమేమిటండీ? సముద్రం ఖాళీ అయితే ఈ బుద్ధిమంతులు దేన్ని దంచుతారు? నేను బడికి పోయింది తక్కువే గానీ అచ్చులో కనబడింది ఏదీ వదలను. ఒక వ్యవసాయ పత్రికలో మార్గం దొరికింది. కుళ్ళిన కూరగాయల మీద ఒక జాతి నల్ల ఈగ పురుగులను పెంచి, చేపపొడికి బదులు అవే పెట్టవచ్చట. వెంటనే అంగడికి పోయి, ఇక నీ మేత నాకు అక్కరలేదని నలుగురిలో చాటి వచ్చాను.

పత్రికలో బొమ్మ కూడా వేశారు. పురుగుల తొట్టి, అందులోంచి పైకి ఏటవాలుగా ఒక పలక, పలక చివర బకెట్టు. మా ఇంటి పెరట్లో తొట్టి పెట్టాను, పలక పెట్టాను. ఉన్న ఒక్క మంచి బకెట్టును పురుగుల పాలు చేయడమెందుకని అది మాత్రం మానేశాను. పలక కదలకుండా దాని చివరను, పక్కనే ఉన్న నరసింహులు మగ్గం గది గోడలోని తూముకు ఆనించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పురుగులు పెండ్లివారి బంధువుల్లా తిని బలిశాయి. పాత బస్తాలో మేత కూడా సరిగ్గా అడుగంటింది. తెల్లవారితే పురుగులతో కుంటకు పోవాలి.

తెల్లవారి చూస్తే తొట్టిలో తొక్కలు తప్ప ఏమీ లేవు. అవతల మగ్గం ఒకసారి టకటకమని ఆగిపోయింది.

“అన్నా, ఒకసారి ఈడికి రా” అన్నాడు నరసింహులు, చాలా నిదానంగా.

అతనిది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి నేస్తాడు. ముదిరిన పురుగు తడిని వదిలి, పొడిగా చీకటిగా ఉన్న చోటు వెతుక్కుంటూ పైకి పాకుతుందనీ, బకెట్టు అందుకేననీ పత్రిక తరువాతి పేజీలో ఉందట. ఆ గుంతకన్నా పొడి చీకటి వాటికి ఇంకెక్కడ దొరుకుతుంది?

“ఇవి నీవేనా?”

“నావే. తొక్కొద్దప్పా, వట్టి ప్రోటీను.”

“ఆ మాట నా కాళ్ళకు సెప్పు. సగం చీర మగ్గం మీదుండాది, నేను గుంతలోకి దిగేదెట్ల?”

చాట తెచ్చి ఏరుకుంటానని బతిమాలాను. నేను చాటతో తిరిగి వచ్చేసరికి అతను పెరటి తలుపు తీసి కోళ్ళను పిలిచేశాడు. అవి గుంతంతా ఊడ్చి, ముక్కులు నేలకు రాసుకుంటూ నా ముందునుంచే బయటికి నడిచాయి.

కుంటలో చేపలు ఆకలితో గట్టుకు వచ్చి ఉంటాయి. ఏం చేస్తాను, ఆదోని అంగడికే పోయాను. అంగడతను నవ్వలేదు పాపం. “చేపపొడి ఉండేదే కదా?” అని మాత్రం అడిగాడు.

అందుచేత చదువరులారా, తరువాతి పేజీ తిప్పకుండా ఏ పురుగునూ పెంచననీ, బకెట్టు దగ్గర పిసినారితనం చేయననీ మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. అయినా న్యాయం న్యాయమే. నా మేతకు జవాబేమిటని నరసింహులును కనబడినప్పుడల్లా నిలదీస్తూ వచ్చాను. తలెత్తకుండా నేసుకునేవాడు. మొన్న మగ్గం ఆపి చెప్పాడు.

“అన్నా, ఆ వారమే మా ఇంట్లో రొట్టెలోకి మళ్ళీ మళ్ళీ పెట్టించుకొని తింటివే కూర, అది యా కోడిదనుకుంటివి?”