మోకాళ్ళ కోసం బైపీసీ

మా వైపు పదో తరగతి పిల్ల బొమ్మలు బాగా వేసిందంటే చాలు, ఇంటిల్లిపాదీ ఆమెను బైపీసీలో చేర్పించాలని తేల్చేస్తారు. రికార్డుల్లో కప్పనూ బొద్దింకనూ అందంగా గీస్తుందట, మార్కులు పడతాయట, డాక్టరవుతుందట. కప్పను గీస్తే డాక్టరైపోయేట్టయితే మా బడి గోడలకు బొమ్మలు వేసిన పెయింటర్ ఈపాటికి పెద్ద సర్జన్ అయ్యుండాలి.

నాకేమో బొమ్మల్ని నడిపించాలని ఉండేది. యానిమేషన్ అనే మాటే మా ఇంట్లో ఎవరూ వినలేదు. నాయన మిర్యాలగూడలో రైస్ మిల్లు హమాలీ. చదువుల సంగతులన్నీ కోదాడలో ఉండే మామయ్యే చూసుకునేవాడు. ఆయన నాకు బైపీసీ ఖాయం చేసి, ఇంటర్ రెండో ఏడాది పాత జువాలజీ పుస్తకం కూడా తెచ్చి చేతిలో పెట్టాడు. దాన్ని మంచం కిందికి తోసేసి రెండు పూటలు అన్నం మానేశాను. మూడో పూట అమ్మ చేపల పులుసు వండింది. ఆ పూట మాత్రం తిన్నాను.

నా పోరు పడలేక అమ్మ నన్ను సూర్యాపేటలో యానిమేషన్ నేర్పే ఒక మేడం దగ్గరికి తీసుకుపోయింది. కంప్యూటర్ పని కదా, ఎంపీసీ తీసుకొమ్మంటుందని నా ఆశ. ఆమె నవ్వి, "ఏ గ్రూపైనా నడుస్తది. రోజూ గీస్తుండు. నీకు ఏది గీయరాదో సూస్కో, అది నేర్పే సబ్జెక్టు పట్టుకో" అంది. నాకు గీయరానిది కూడా ఉంటుందా అని బస్సులో దారి పొడుగునా ఉడికిపోయాను. పదిహేనేళ్ళ గర్వం మామూలుది కాదు.

ఇంటికి రాగానే నాయనకు నా గొప్ప చూపించాను. నోటుబుక్కు మూలల్లో పేజీకొక బొమ్మ చొప్పున గీశాను. పేజీలు గబగబా తిప్పితే ఒక హమాలీ బస్తా మోస్తూ లారీ ఎక్కుతాడు. నాయన రెండుసార్లు తిప్పి చూసి పగలబడి నవ్వాడు.

"బిడ్డా, ఈ బస్తాల బియ్యమున్నయా, దూదున్నదా?"

నాకు ఏడుపొచ్చింది. మరునాడు పొద్దున్నే ఆయన నన్ను మిల్లుకు తీసుకుపోయి ఒక పక్కన కూర్చోబెట్టి, "మోకాళ్ళు సూడు" అన్నాడు. చూశాను. బస్తా వీపు మీద పడగానే మనిషి ముందు కొంచెం కిందికి దిగుతాడు. మోకాళ్ళు వంగుతాయి, నడుం సర్దుకుంటుంది, ఆ తర్వాతే అడుగు పడుతుంది. లారీకి ఆనించిన చెక్క ఎక్కేటప్పుడు పాదం మొత్తం మోపుతాడు. నేను గీసినవాడేమో పెళ్ళికి పోతున్నట్టు నిటారుగా ఎక్కుతున్నాడు. రోజూ కళ్ళ ముందుండే నాయనను ఒక్కనాడూ సరిగ్గా చూడలేదని సిగ్గేసింది. అంతలోనే ఎక్కడలేని సంబరం కూడా కలిగింది. నాకు రానిదేమిటో దొరికింది.

ఇంటికొచ్చి మంచం కింది పుస్తకం బయటికి లాగాను. అందులో ఎముకలు, కండరాలు, కీళ్ళ పాఠం ఉంది. ఒక వాక్యం చదవడం, లేస్తూ కూర్చుంటూ నా మోకాలు పట్టుకుని చూసుకోవడం. సాయంత్రం దాకా ఇదే పని. దవాఖానకు పోదామా అని అమ్మ అడిగింది.

కాలేజీలో చేరడానికి నాయన, నేను కోదాడ వెళ్ళాం. కౌంటర్ దగ్గర మామయ్య ఫారం నింపుతున్నాడు. "బైపీసీ" అని నేనే చెప్పేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. "దారికొస్తుందని నేను ముందే చెప్పానా!" అంటూ మెడిసిన్ కోచింగ్ గడిలో కూడా టిక్కు పెట్టాడు.

నోరు మూసుకుంటే అందరికీ సుఖమే. రెండేళ్ళు డాక్టరమ్మా అని పిలిపించుకోవచ్చు. నాయన వైపు చూశాను. ఆయన నన్నే చూస్తున్నాడు.

"కోచింగ్ వద్దు మామయ్యా. నేను డాక్టర్ కాను. బొమ్మల్ని నడిపిస్త. దానికే ఈ చదువు."

వరుసలో వెనకున్నవాళ్ళంతా తొంగి చూశారు. మామయ్య కళ్ళజోడు తీశాడు.

"మరి బైపీసీ వద్దని అన్నం మానేసి అలిగావెందుకే?"

"అప్పుడది మీ బైపీసీ మామయ్యా. ఇప్పుడు నాది."

"ఏంటి బావా ఇది?" అని ఆయన నాయనను అడిగాడు.

"నన్నడగకు. సదివేది ఆమె."

మామయ్య తను పెట్టిన టిక్కును తన చేత్తోనే కొట్టేసి, ఫారమూ పెన్నూ నా ముందుకు జరిపాడు. మిగతాది నన్నే నింపుకోమన్నాడు.